బ్రతికుండగానే పోయిన దొరసాని
వార్విక్ ప్రభువంటే రాజులను గద్దెనెక్కించి దించిన రిచర్డ్ నెవిల్ అని అందరికీ తెలుసు. నాకు మాత్రం అతని భార్య ఆన్ బీచమ్ గుర్తుకొస్తుంది. అసలా బిరుదు ఆమె పుట్టింటిది. 1449లో ఆమె మూలంగానే అతనికి దక్కింది. ఇల్లరికపుటల్లుడి భోగమే ననుకోండి!

1471లో బార్నెట్ యుద్ధంలో అతను కూలాడు. అల్లుళ్ళిద్దరికీ అత్తగారి ఆస్తిమీద కన్నుపడింది. ఇద్దరూ నాలుగవ ఎడ్వర్డు తమ్ముళ్ళే, ఇక అడ్డేమిటి? 1474లో పార్లమెంటు ఆమె చనిపోయినట్టే లెక్కగట్టి, ఆస్తి పంచుకోమని చట్టం చేసింది.

పాపం, ఆమె 1492 దాకా బ్రతికే ఉంది. కూతుళ్ళూ, అల్లుళ్ళూ ఆమెకంటే ముందే పోయారు. 1487లో ఏడవ హెన్రీ ఆస్తి తిరిగి ఇచ్చి, వెంటనే ఆమెచేతనే తన పేర వ్రాయించుకున్నాడు. ఆమె పోయేనాటికి, వార్విక్ బిరుదు మోస్తున్న మనవడు లండన్ టవర్‌లో ఖైదీ. పదేళ్ళవాణ్ణి పట్టి అందులో పెట్టారు. 1499లో తల తీయించారు.