జీర్ణోద్ధరణ

శిథిలమైన ఆలయాన్ని తిరిగి నిలబెట్టడాన్ని మన పెద్దలు జీర్ణోద్ధరణ అన్నారు. చెదలు తిన్న తాళపత్ర ప్రతులను సరిపోల్చి, తప్పులు దిద్ది, కావ్యాన్ని లోకానికి అందించడాన్ని పరిష్కరణ అన్నారు. ప్రాచీన కావ్యాల పాఠభేదాలపై పరిశోధన చేసి డాక్టరేటు పొందినదాన్ని కనుక ఈ రెండు మాటలనూ మూడు దశాబ్దాలుగా తరగతి గదిలో వాడుతూనే ఉన్నాను. వాటి బరువెంతో మాత్రం నా యాభై రెండో ఏట, చేతులకు గ్రీజు అంటిన తరువాతనే తెలిసింది.

చిక్కడపల్లిలోని మా ఇంటి మెట్ల కింద ఒక పాత జావా మోటారు సైకిలు ఉండేది. మా నాన్నగారు దానిని 1968లో కొన్నారు. ఆయన సర్వే శాఖలో డ్రాఫ్ట్స్‌మన్. అక్షరాలు అచ్చు గుద్దినట్లు రాసేవారు. ముదురు ఎరుపు రంగు ట్యాంకు మీద, మూతకు పక్కన, సన్నని కుంచెతో పసుపు రంగులో ఆయన ఒక వాక్యం రాసుకున్నారు: "లీటరుకు 40 మి.లీ. నూనె. మరువరాదు." జావా ఇంజను టూ స్ట్రోక్ ఇంజను. దానికి పెట్రోలులోనే నూనె కలిపి పోయాలి. ఆ నూనే లోపలి పిస్టనుకూ బేరింగులకూ రక్షణ. బడికి వెళ్లక ముందే నేను కూడబలుక్కుని చదివిన మొదటి తెలుగు వాక్యం అదే.

ఆ బండి మీద ముందు ట్యాంకుపై నేను, వెనుక అన్నయ్య. నారాయణగూడలోని బడి వరకు ప్రయాణం. బడి గంటకు ముందే మమ్మల్ని దింపి నాన్నగారు కార్యాలయానికి వెళ్లేవారు. సాయంత్రం వీధి మలుపులో రెండు సైలెన్సర్ల నుంచి 'డుగ్ డుగ్' మని వచ్చే చప్పుడు వినగానే అమ్మ స్టవ్ మీద టీ నీళ్లు పెట్టేది. ఆదివారాలు అమ్మ చీర కొంగు బిగించి, ఒక పక్కకు కూర్చుని, త్యాగరాయ గానసభకు కచేరీ వినడానికి వెళ్లేది.

అన్నయ్యకు పదహారేళ్లు రాగానే నాన్నగారు ఆ బండి నేర్పించారు. నాకూ పదహారేళ్లు వచ్చాయి. నేను అడిగాను. "నీకెందుకమ్మా, అన్నయ్య దింపుతాడుగా!" అన్నారు. ఆ మాటలో కోపం లేదు, కాఠిన్యం లేదు. అందువల్లనే దానికి ఎదురు చెప్పడం నాకు చేతకాలేదు. ఆడపిల్లల చదువు కోసం తెలుగు మాధ్యమంలో మాడపాటి హనుమంతరావుగారు 1928లో బడి నెలకొల్పిన నారాయణగూడ అది. ఆ వీధుల గుండానే నన్ను చదువుకు తీసుకువెళ్లిన తండ్రి, నా చేతికి హ్యాండిల్ మాత్రం ఇవ్వలేదు. ఆ చిన్న ముల్లు నాలో చాలా కాలం ఉండిపోయింది.

1998లో బండి ఆగిపోయింది. విడిభాగాలు దొరకడం కష్టమైంది. దానిని తయారుచేసిన కర్మాగారమే అప్పటికి మూతపడింది. జావా పుట్టినిల్లు చెక్ దేశం. యానెచెక్ అనే పారిశ్రామికుడు 1929లో వాండరర్ అనే జర్మన్ సంస్థ మోటారు సైకిళ్ల విభాగాన్ని కొని, ఆ రెండు పేర్ల మొదటి అక్షరాలను కలిపి 'జావా' అని పేరు పెట్టాడు. మన దేశంలో మైసూరులోని ఐడియల్ జావా సంస్థ 1961 నుంచి వీటిని తయారుచేసింది. 1973 నుంచి 'యెజ్డీ' అనే పేరుతో అమ్మింది. 1996లో ఆ కర్మాగారం తలుపులు మూసుకున్నాయి. నాన్నగారు మాత్రం బండి అమ్మలేదు. 2019లో ఆయన కాలం చేసేవరకూ ప్రతి దసరాకు దానిని తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయ కట్టేవారు.

2021లో పాత ఇనుము కొనేవాడు వచ్చి బండిని తూకానికి అడిగాడు. అన్నయ్య ఫోనులో "ఇచ్చెయ్యవే, చోటైనా కలిసివస్తుంది" అన్నాడు. నేను సరేనన్నాను. తాడు కట్టి దానిని బయటకు లాగుతుంటే ట్యాంకు మీద దుమ్ము చెదిరి ఆ పసుపు అక్షరాలు కనిపించాయి. "వద్దు బాబూ, ఉండనీ" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

నారాయణగూడలో ఒక సందులో జావాలు మాత్రమే బాగుచేసే వృద్ధ మెకానిక్ ఉన్నారని తెలిసింది. అందరూ ఆయనను ఉస్తాద్ అంటారు. నేనూ అలాగే పిలిచాను. బండిని చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మీ తమ్ముడు నడుపుతాడా, బేటీ?" అని. "కాదు, నేనే" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా వంక చూసి, ఒక పానా నా చేతికిచ్చి, "అయితే హెడ్డు నట్లు మీరే విప్పండి" అన్నారు. ఆ పూట నేను విప్పింది రెండు నట్లే. మూడోది ఆయన విప్పారు.

ఉస్తాద్ అంగడి ముందు ఆదివారాలు ఉదయం ఒక చిన్న సభ జరుగుతుంది. బ్యాంకులో పదవీ విరమణ చేసిన ఒకాయన, పళ్ల డాక్టరొకరు, ఇంజనీరింగు విద్యార్థులిద్దరు. అశోక్‌నగర్‌లో ఇరుకు గది అద్దెకు తీసుకుని, సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పాలమూరు యువకుడొకడు. అందరివీ పాత బండ్లే. పక్కనున్న ఇరానీ హోటల్ చాయ్ తాగుతూ ఒకరి బండికి మరొకరు వైద్యం చేసుకుంటారు. నేను వెళ్లిన మొదటి వారం అందరూ "మేడమ్" అని లేచి నిలబడ్డారు. రెండో వారం కుర్చీ జరిపారు. నాలుగో వారం పాలమూరు అబ్బాయి, "అక్కా, ఆ గుడ్డ ఇటియ్యి" అన్నాడు. ఆ రోజు నేను ఆ సభలో సభ్యురాలినయ్యానని అనుకున్నాను.

ఇరవై మూడేళ్లు కదలని ఇంజనులో పిస్టన్ సిలిండరుకు తుప్పుతో అతుక్కుపోయింది. బలవంతం చేస్తే విరుగుతుంది. ప్లగ్గు రంధ్రం గుండా డీజిలు పోసి ఊరుకోవాలి. నాలుగు రోజులు పోశాం. ఐదో రోజు కొయ్య పెట్టి మెల్లగా తట్టితే వెంట్రుక వాసి కదిలింది. సిలిండరును లేత్ పనివాని దగ్గర బోరు చేయించి, దానికి తగిన పెద్ద పిస్టన్ వెతికాం. పుత్లీబౌలీ, రాణీగంజ్ దుకాణాలు తిరిగాం. గురువారం నాడు జుమ్మేరాత్ బజారులో పాత సామాను కుప్పల్లో ఒక కార్బ్యురేటర్ దొరికింది. డాక్టరుగారి దగ్గర ఉన్న విడి ఇంజను, బ్యాంకు ఆయన దాచుకున్న కంపెనీ పుస్తకం, మా బండి, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఏ భాగం అసలుదో, ఏది తరువాత ఎవరో తగిలించినదో తేల్చుకున్నాం.

సి.పి. బ్రౌన్ కడపలోని తన బంగళాలో పండితులను కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి సరిపోల్పించిన సంగతి నేను ఏటా పాఠంగా చెబుతాను. మూలమేది, ప్రక్షిప్తమేది అని వెతికే ఆ పండితుల వేళ్లకూ, నా పక్కన స్క్రూలు ఏరుతున్న ఈ మిత్రుల వేళ్లకూ నాకు భేదం కనిపించలేదు.

అంత తెలిసిన నేనే ఒక పెద్ద తప్పు చేశాను. ట్యాంకుకు రంగు వేయించడానికి ఇచ్చినప్పుడు పనివాడు, "పాత రంగంతా తీసేయమంటారా?" అని అడిగాడు. పరీక్ష పేపర్లు దిద్దే హడావుడిలో ఉన్నాను. "అంతా తీసేయండి, కొత్తగా మెరవాలి" అన్నాను. వారం తరువాత ట్యాంకు అద్దంలా మెరుస్తూ వచ్చింది. మూత పక్కన చేత్తో తడిమాను. నునుపుగా ఉంది. నాన్నగారి వాక్యం లేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తనకు అర్థం కాని చోటల్లా పాఠం మార్చేసిన పరిష్కర్తలను నేను నా సిద్ధాంత గ్రంథంలో ఎంత కఠినంగా విమర్శించానో గుర్తుకు వచ్చింది. పనివాడి దోషం ఏమీ లేదు. అతడు అడిగాడు, నేను చెప్పాను. మరుసటి ఆదివారం సంగతి విని ఇంజనీరింగు పిల్లలు, "పాత ఫొటో ఉంటే ఇవ్వండి మేడమ్, అచ్చం అలాగే రాయిస్తాం" అన్నారు. నేను వద్దన్నాను. ప్రతిలో అక్షరాలు చెదలు తిన్న చోట నిజాయితీ గల పరిష్కర్త తన సొంత పదాలు ఇరికించడు. 'గ్రంథపాతం' అని రాసి ఖాళీగా వదులుతాడు. ఆ చోటును నేనూ అలాగే వదిలాను. ముందు మడ్‌గార్డు మీది సొట్టను, నాన్నగారు పెన్సిలుతో తేదీలు వేసుకున్న పనిముట్ల పెట్టె మూతను మాత్రం ముట్టుకోనివ్వలేదు.

2022 జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీ ప్రియులు ప్రపంచమంతటా పండుగ జరుపుకునే రోజు. ఆ ఉదయమే ఉస్తాద్ పాయింట్ల ఎడం 0.4 మి.మీ.కు సరిచేసి నన్ను పిలిచారు. జావాలో గేరు వేసే కడ్డీయే కిక్ కూడా. దానిని లోపలికి నొక్కి పైకి తిప్పి తన్నాలి. పదకొండో కిక్కుకు బండి పలికింది. నీలం పొగ సందంతా కమ్మింది. చాయ్ గ్లాసులు చేతపట్టుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

యాభై ఏళ్లు దాటిన బండ్లను ప్రత్యేక వారసత్వ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చునని 2021లో కేంద్ర ప్రభుత్వం నియమాలు తెచ్చింది. అయితే వాటిని నిత్యం రోడ్డు మీద తిప్పకూడదు. నేను దానిపై కళాశాలకు వెళ్లాలనుకున్నాను. అందుచేత మామూలు రిజిస్ట్రేషనునే తనిఖీ చేయించి పునరుద్ధరించుకున్నాను. గేరు బండి లైసెన్సు తీసుకున్నాను. పాలమూరు తమ్ముడు తెల్లవారుజామున ఇందిరా పార్కు పక్క రోడ్డులో వెంట పరుగెత్తుతూ నాకు బండి నేర్పాడు.

స్వతంత్రంగా నడిపిన రెండో వారంలోనే రెండో తప్పు జరిగింది. బంకులో ట్యాంకు నిండా పెట్రోలు పోయించాను. నూనె కలపడం మరిచాను. పూర్వం బంకుల్లో నూనె కలిపిన పెట్రోలు విడిగా పోసేవారు. ఇప్పుడు మనమే గుర్తుంచుకోవాలి. అశోక్‌నగర్ చేరేసరికి ఇంజను బిగుసుకుని, వెనుక చక్రం కీచుమని ఆగిపోయింది. క్లచ్ నొక్కి ఎలాగో పక్కకు తీశాను. వెనుక బస్సు లేకపోవడం నా అదృష్టం. 'మరువరాదు' అన్న మాట ఉండవలసిన చోట నా ముఖమే ఎర్రగా కనిపించింది.

అరగంటలో ముగ్గురు మిత్రులు వచ్చారు. ఎవరూ మందలించలేదు. బ్యాంకు ఆయన నవ్వి, "నేను రెండుసార్లు పట్టేయించానండీ, మీరు ఇంకా ఒకటి వెనుకబడ్డారు" అన్నారు. నలుగురం బండిని నారాయణగూడ వరకు తోసుకువెళ్లాం. కొత్త పిస్టన్ వేయవలసి వచ్చింది. ఈసారి మూడో నట్టు కూడా నేనే విప్పాను.

ఆడవారికి యంత్రాలు పట్టుబడవని అనేవారు నేటికీ ఉన్నారు. వారికి నేను చెప్పే పేరు బియాట్రిస్ షిల్లింగ్. ఇంగ్లండుకు చెందిన ఈ ఇంజనీరు 1934లో బ్రూక్‌లాండ్స్ పందెపు బాటపై నార్టన్ మోటారు సైకిలును గంటకు వంద మైళ్లకు మించిన వేగంతో నడిపి బంగారు నక్షత్రం పొందింది. రెండో ప్రపంచ యుద్ధంలో మెర్లిన్ విమాన ఇంజన్లు కిందికి దూకేటప్పుడు తడబడుతుంటే, ఇంధనం మోతాదు మించకుండా ఆపే చిన్న లోహపు బిళ్లను రూపొందించి ఆ లోపాన్ని చాలావరకు అరికట్టింది. అంత దూరం కూడా పోనక్కర లేదు. మన హైదరాబాదు నుంచే 2018లో జయభారతి మరి ముగ్గురు మహిళలతో కలిసి మోటారు సైకిళ్లపై ఆగ్నేయాసియా దేశాలు చుట్టి, సుమారు 17 వేల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చింది. వారి ముందు నా చిక్కడపల్లి, నారాయణగూడ ప్రయాణం ఎంత? అయినా నాకు అది చిన్నదిగా తోచలేదు.

బండి మళ్లీ తిరుగుతున్న ఒక సాయంత్రం సన్నని కుంచె, పసుపు రంగు తెచ్చుకుని కూర్చున్నాను. నాన్నగారు రాసిన చోటును ముట్టుకోలేదు. దానికి దిగువన, నా వంకర చేతిరాతతో, నా మాటల్లో రాసుకున్నాను: "నూనె పోశావా?" మూలం ఆయనది. పోయిన పాఠం పోయినట్లే ఉన్నది. దిగువనున్నది నా టిప్పణి.

నాన్నగారిపై నాకున్న ఆ చిన్న ముల్లు ఏమైందని మీరు అడగవచ్చు. పనిముట్ల పెట్టె మూతపై ఆయన పెన్సిలు తేదీలు చూస్తున్నప్పుడల్లా ఆ బండిని ఆయన ఎంత శ్రద్ధగా కాపాడుకున్నారో తెలుస్తుంది. నాకు ఎందుకు నేర్పలేదో మాత్రం ఆ తేదీలు చెప్పవు. ఆ ఖాళీని కూడా నేను ఊహలతో నింపదలచుకోలేదు.

ఎనభై మూడేళ్ల అమ్మ ఒక ఆదివారం చీర కొంగు బిగించి గుమ్మంలో నిలబడింది. నేను వద్దన్నా వినలేదు. కాళ్లు చెరోవైపు వేసి కూర్చుంటేనే తీసుకువెళతానని, హెల్మెట్ పెట్టుకోవాలని షరతు పెట్టాను. సణుగుతూనే ఒప్పుకుంది. నా భుజం గట్టిగా పట్టుకుంది. గానసభ వరకు వెళ్లి తిరిగి వచ్చాం. దిగిన తరువాత హెల్మెట్ నా చేతికిస్తూ అమ్మ అన్నది:

"మీ నాన్న ఇంత మెల్లగా నడిపేవారు కాదే. వచ్చే ఆదివారం కొంచెం త్వరగా పోనీ."