అశోక్ నగర్ విమానం

అశోక్ నగర్ వీధుల్లో కాగితానికి ఉన్న గౌరవం మరి దేనికీ లేదు. చిక్కడపల్లి గ్రంథాలయం నుంచి ఇందిరా పార్కు వైపు నడిచే వారికి అడుగడుగునా జిరాక్స్ దుకాణాలు, పాత ప్రశ్నపత్రాల కట్టలు, శిక్షణ సంస్థల ప్రకటనలు కనిపిస్తాయి. జిల్లాల నుంచి వచ్చిన వేలాది యువతీ యువకులు ఇక్కడి ఇరుకు గదుల్లో ఇద్దరు ముగ్గురు చొప్పున ఉంటూ ప్రభుత్వోద్యోగ పరీక్షలకు చదువుతారు. అటువంటి ఒక దుకాణంలో 2023 అక్టోబరులో ఒకనాడు, రాజ్యాంగం నోట్సుకూ చరిత్ర నోట్సుకూ మధ్య ఒక విమానం అచ్చయి వచ్చింది. మొత్తం పదహారు పుటలు. వాటిని వరుసగా అతికిస్తే రెక్క, తోక, ఉదరభాగం రూపుకడతాయి. దుకాణదారు ఆ కాగితాలను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఏ పరీక్ష సిలబస్ తమ్ముడూ?" అని అడిగాడట.

అచ్చు వేయించిన యువకుడు సూర్యాపేట జిల్లా వాడు. నాలుగేళ్లుగా గ్రూప్-1కు చదువుతున్నాడు. 2022 అక్టోబరు 16న అతడు రాసిన ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రం బయటపడిన కారణంగా 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశాడు. సెప్టెంబరులో ఉన్నత న్యాయస్థానం దానినీ రద్దు చేసింది. ఆ వివాదం ఇక్కడ అప్రస్తుతం. రెండుసార్లు రాసినది రెండుసార్లూ రాయనట్టే అయిన మనిషికి పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి గాని అర్థం మనసుకెక్కదు. అతడి స్థితి అదే. ఆ రోజుల్లో, నారాయణగూడలో ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతూ హాస్టల్లో ఉంటున్న మేనల్లుడు ఒక ఆదివారం గదికి వచ్చి, "మామా, మనం ఒక విమానం చేద్దామా?" అన్నాడు. మామూలు సమయంలో అయితే చదువుకోమని మందలించి పంపేవాడే. ఆనాడు అతడు, "ఎంతవుతుందిరా?" అని మాత్రమే అడిగాడు.

నమూనా విమానాన్ని పిల్లల ఆటవస్తువుగా తీసిపారేయడం తగదు. ఫ్రాన్సు దేశీయుడైన అల్ఫాన్స్ పెనో 1871లో మెలితిప్పిన రబ్బరు తాడు బలంతో ఎగిరే చిన్న నమూనాను పారిస్ ఉద్యానవనంలో ఎగురవేసి చూపాడు. ఆయన పద్ధతిలో తయారైన ఒక ఎగిరే బొమ్మను 1878లో రైట్ సోదరుల తండ్రి ఇంటికి తెచ్చాడు. అది విరిగిపోతే పిల్లలిద్దరూ తామే మరొకటి చేసుకున్నారు. 1937లో అమెరికాలో గుడ్ సోదరులు 'గఫ్' అనే నమూనాను రేడియో సంకేతాలతో నడిపారు. మన దేశంలో ఎన్.సి.సి. వైమానిక విభాగం విద్యార్థులు బాల్సా కలపతో నమూనాలు చేస్తూ వస్తున్నారు. బాల్సా ఖరీదైనది, పని నేర్పు కోరేది. ఇటీవలి కాలంలో ఫ్లైట్ టెస్ట్ వంటి అమెరికా బృందాలు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి వేరు. ఇరువైపులా కాగితం అంటించిన నురుగు పలకను, అంటే స్టేషనరీ దుకాణంలో దొరికే ఫోమ్ బోర్డును, కాగితపు పటం ప్రకారం కోసి, మడిచి, అతికిస్తే చాలు.

చాలునని అనుకోవడంలోనే మొదటి పొరపాటు జరిగింది. పటంలోని ముక్కలను పలకల మీద పెట్టి, గీతలు గీసి, రెండు రాత్రులు కూర్చుని కోశారు. తీరా చూస్తే రెక్క కింద బ్యాటరీ పట్టవలసిన చోట బ్యాటరీ పట్టలేదు. పలక అంచు దూరవలసిన గాడిలో పలక దూరలేదు. అప్పుడు యువకుడు పటం మూలన ఉన్న కొలతగీతను స్కేలుతో కొలిచాడు. 100 మిల్లీమీటర్లు ఉండవలసిన గీత 94 మాత్రమే ఉంది. ఆ పటం అమెరికా కాగితపు కొలతకు గీసినది. ఆ కాగితం 216 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. మన ఏ4 కాగితం 210. పుటకు సరిపడేలా కుదించమని కంప్యూటర్ తనంతట తాను నిర్ణయించుకుంది. పొడవు 94 పాళ్లయితే రెక్క వైశాల్యం దాదాపు 88 పాళ్లకు పడిపోతుంది. బరువును మోయవలసినది ఆ వైశాల్యమే. కాగితం మీద విమానం చిన్నదైనా బ్యాటరీ బరువు తగ్గదు, పలక మందం తగ్గదు, మోటారు చిన్నది కాదు.

"ముందే కొలిస్తే పోయేది కదా మామా!" అన్నాడు కుర్రవాడు. మామ సమాధానం చెప్పలేదు. మర్నాడు అసలు పరిమాణంలో మళ్లీ అచ్చు వేయించి, మొదట కొలతగీతను కొలిచిన తరువాతే డబ్బు చెల్లించాడు. పనికిరాని పదహారు పుటలను పారవేయక బల్ల కింద పెట్టాడు.

విద్యుత్ పరికరాలు కోఠిలోని గుజరాతీ గల్లీలో వెతికి కొన్నారు: ఒక బ్రష్‌లెస్ మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే పరికరం, 11.1 వోల్టుల లిథియం పాలిమర్ బ్యాటరీ, తొమ్మిది గ్రాముల సర్వో మోటార్లు రెండు. ట్రాన్స్‌మిటర్‌తో కలిపి ఎనిమిది వేలు దాటింది. అది రాబోయే నమూనా పరీక్షల రుసుము కోసం అక్క పంపిన సొమ్ము. ఆ సంగతి మేనల్లుడికి తెలియదు.

నిర్మాణంలో ఒక చమత్కారం ఉంది. పలక పైకాగితాన్నీ నురుగునూ కోసి, అడుగు కాగితాన్ని కోయకుండా వదిలితే అదే మడతబందుగా పనిచేస్తుంది. తోకలోని ఎలివేటరూ రడ్డరూ ఆ కాగితం ఆధారంగానే కదులుతాయి. రెక్కను అడుగువైపు నుంచి నొక్కి మడిచి, లోపల దూలం వంటి పట్టీ అమర్చితే పైభాగం వంపు తిరుగుతుంది. జిగురు తుపాకి మరీ వేడెక్కితే నురుగు కరిగిపోతుంది. త్వరగా అంటుకునే మామూలు గమ్ము నురుగును తినేస్తుంది. సర్వోను తోకతో కలిపే కడ్డీలకు సైకిల్ స్పోకులు వాడారు. ఆ కడ్డీలు తగిలించే కొమ్ములకు గట్టి ప్లాస్టిక్ కావలసివచ్చింది. యువకుడు సొరుగులోంచి గడువు తీరిన తన శిక్షణ సంస్థ గుర్తింపు కార్డు తీసి కత్తెర పట్టాడు. కత్తిరించిన ముక్కలలో ఒకదాని మీద అతడి ఫొటోలోని చెవి మిగిలింది.

పూర్తయిన విమానం కిరాణా దుకాణం త్రాసులో 720 గ్రాములు తూగింది.

అశోక్ నగర్‌లో దానిని ఎగురవేసే వీలు లేదు. బేగంపేట విమానాశ్రయం, సచివాలయం దగ్గరలోనే ఉన్నాయి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం గగనతలాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ప్రాంతాలుగా పటంలో చూపుతారు. మొదటి రెండింటిలో అనుమతి తప్పనిసరి. ఊరిలో వరికోతలు పూర్తయ్యే వరకు ఆగి, నవంబరు చివర ఒక శనివారం రాత్రి, రెక్కను దుప్పటిలో చుట్టి ఇద్దరూ బస్సెక్కారు.

అక్క కోపం తెల్లవారేసరికి తెలిసింది. రుసుము కట్టలేదన్న సంగతి ఆమె చెవిన పడింది. "వాడు పిల్లవాడు, అడుగుతాడు. నీకు బుద్ధి ఉండవద్దా?" అన్నది. తమ్ముడు తలవంచుకున్నాడు. కుర్రవాడు మొదటిసారి ఆ డబ్బు సంగతి విని, విమానాన్ని పెట్టెలోకి నెట్టబోయాడు. "చేసినదెట్లాగూ చేశాం, తీసుకురా" అన్నాడు మామ.

కోసిన మడి గట్టున నిలబడి, రెక్క ముందంచు నుంచి వెడల్పులో మూడోవంతు లోపల రెండు వేళ్లు ఆనించి తూచారు. ముక్కు కొంచెం కిందికి ఒరిగింది. అది సరైనదే. కుర్రవాడు ట్రాన్స్‌మిటర్ పట్టుకున్నాడు, మామ విసిరాడు. విమానం ఉన్నపళంగా ముక్కు పైకెత్తి, మూడు తాటిచెట్ల ఎత్తున ఆగిపోయి, ఒక రెక్క మీదుగా జారి మడిలో కూలింది. ముక్కు నలిగింది, పంకా విరిగింది. మడిలోకి పరుగెత్తి చూస్తే, విసిరిన ఊపుకు బ్యాటరీ వెనుకకు జారి ఉంది. దానితో తోక బరువెక్కింది. తోక బరువైన విమానం ఎలివేటర్ మాట వినదు. మామ ఆ బ్యాటరీని చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. తరువాత టేపుతో ముక్కు చుట్టి, బ్యాటరీని రబ్బరు బ్యాండ్లతో బిగించి, వెంట తెచ్చిన రెండవ పంకా తొడిగాడు. ఈసారి రెండుసార్లు తూచాడు.

విమానం నేల మీద కొంతదూరం పాకినట్టు వెళ్లి, గాలి దొరకగానే లేచింది. కొయ్యకాళ్ల మీదుగా దాని నీడ పరుగెత్తింది. మొదటి మలుపు బాగానే తిరిగింది. ఎదురుగా తమవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. కుర్రవాడు తడబడి తప్పువైపు తిప్పాడు. "వదిలెయ్‌రా, చేతులు తియ్!" అని మామ అరిచాడు. మీటలు వదలగానే విమానం తానే సర్దుకుంది. రెక్కల కొనలను పైకి వంచి కట్టేది ఇందుకే; ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ పక్క రెక్కకు గాలి ఆసరా ఎక్కువై మళ్లీ సమం అవుతుంది. నాలుగు నిమిషాలు తిరిగింది. ఎప్పుడు వచ్చిందో అక్క సద్దిగిన్నెతో గట్టు మీద నిలబడి ఉంది. కొంగు నెత్తిమీదికి లాక్కుని, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ, "అది మళ్లీ కిందికి వస్తుందా?" అని అడిగింది.

"వస్తుందే అక్కా."

"వచ్చాక నాకూ ఒకసారి చూపించండి, ఎట్లా చేశారో" అన్నది. డబ్బు మాట మరి ఎత్తలేదు.

2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగాలకు కొత్త ప్రకటన వెలువడింది. మేనల్లుడికి అప్పటికి వార్షిక పరీక్షలు దగ్గరపడ్డాయి. ఆదివారాలు రావడం మానేశాడు. విమానం గదిలో మేకుకు వేలాడుతున్నది. యువకుడు దరఖాస్తు చేసి, సమాధానాలు రాసి అలవాటు చేసుకోవడానికి తెల్లకాగితాల కోసం బల్ల కింద వెతికాడు. 94 పాళ్లకు కుదించుకుపోయిన ఆ పదహారు పుటలు చేతికి తగిలాయి. వెనుకవైపు ఖాళీగానే ఉన్నాయి. మొదటి పుట తిరగేసి, పైన తేదీ వేసి, రాయడం మొదలుపెట్టాడు.