సున్నపుఁ బూఁత

లండను నగరమునకు ఆగ్నేయదిశను బెక్స్‌లీహీత్ అను పేటలో ఎఱ్ఱ యిటుకల యిల్లొకటి యున్నది. దాని పేరును 'రెడ్ హౌస్' అనియే. విలియం మారిస్ తన కాపురమునకై 1859లో దీనిని కట్టింప మొదలిడెను. స్థపతి యాతని మిత్రుఁడు ఫిలిప్ వెబ్. వడ్రంగియు నేఁతగాఁడును చిత్రకారునకుఁ దీసిపోరని చాటిన 'ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్' ఉద్యమమునకు ఇది పుట్టినిల్లని చెప్పుదురు. గత వేసవిలో నేను దానిని చూచితిని.

రాజభవనము నూహించుకొని పోయిన నాకు ఆడంబర మేమియుఁ గానరాలేదు. గోడలకు గిలాబా లేదు. ఇటుక యిటుకగానే కనఁబడుచున్నది. ఏటవాలు పెంకుల కప్పు. ఇంటి మలుపులో మొన దేలిన కప్పుతో నొక నుయ్యి. పూర్వము అచ్చటనున్న ఆపిల్ చెట్లను వీలైనంతవఱకు నఱకకుండ వెబ్ ఇంటిని అమర్చెనఁట. తోఁటలోఁ దడికలపై ప్రాఁకిన గులాబీలనుబట్టి మారిస్ 1862లో గోడకాగితమున కొక నమూనా గీసెను. అందలి పక్షులను గీసినవాఁడు వెబ్.

నన్ను నిలువఁబెట్టినది మేడమీఁది పడకగది. మారిస్ 1865లో ఇల్లు విడిచెను. తరువాతి కాలమున గోడచిత్రములు బీరువా వెనుకను, పైపూఁతల క్రిందను మఱుగుపడెను. 2003లో ఇల్లు నేషనల్ ట్రస్టు చేతికి వచ్చినది. వారు ఆ మఱుగును మెల్లమెల్లగాఁ దొలఁగింపఁగా బైబిలు కథలలోని అయిదుగురి రూపములు బయల్పడినవి; 2013లో ఆ వార్త లోకమునకుఁ దెలిసెను. వెలసిన రంగులు వెలసినట్లే యున్నవి. పాత కట్టడమును మరమ్మతు చేయవలెనే కాని, దానికిఁ గ్రొత్త వేషము వేయరాదని 1877లో సంఘము స్థాపించినవాఁడు మారిసే కదా!

ఆ గోడయెదుట మా తాతగారి యిల్లు జ్ఞప్తికి వచ్చెను. వసారాలో ఊరి చిత్రకారుఁడు వ్రాసిన రామపట్టాభిషేక ముండెడిది. చెల్లెలి పెండ్లినాఁడు, పాతది పోవలెనని నేనే దానిపై సున్నము కొట్టించితిని. "ఉండనీరా నాయనా" అని నాయనమ్మ అడ్డుపడినను వినలేదు. అది సంస్కార మనుకొంటిని.

ఆ చిత్రకారునకు అరుగుమీఁద వేఱుగా విస్తరి వేసితిమని ఆమెయే చెప్పెడిది. అతని పేరు మాలో నెవ్వరును ఎఱుఁగరు. తుడిచివేయవలసినది ఆ దూరమును. నేను తుడిచినది అతని చేతిపనిని. పాతదానిలో నేది తీయవలెనో, యేది నిలుపవలెనో విడఁదీసి చూడలేని సంస్కారము సున్నపుఁ బూఁతయే.

ఈ సంక్రాంతికి ఊరు పోయి, పని తెలిసినవానిని తోడు తీసికొని, గోడమూల నొకచోట సున్నము గీఁకించి చూచెదను. ముందుగా ఊరి పెద్దలను ఆ చిత్రకారుని పేరడిగెదను. నాయనమ్మ యున్నచో నడుగ నక్కఱ లేకపోయెడిది.