ముందు చెవి పెట్టండి

ఏమండీ, కారు అద్దం మీద నీళ్లు చిమ్మే వాషర్ ఉంటుంది కదా, మీ బండిలో అది పనిచేస్తోందా? వెంటనే చెప్పలేకపోతే తప్పేం లేదు. ఊళ్లో తిరిగినంతకాలం దానితో పనిపడదు. పొద్దున్నే వాచ్‌మన్ బకెట్టూ గుడ్డా తెచ్చి అద్దం తుడిచి పెడతాడు. దాని విలువ తెలిసేది సాయంత్రం పూట విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నప్పుడే. పొద్దు వాలి ఎండ నేరుగా కళ్లలో కొడుతుంటుంది, ముందు పోయే లారీ బురద చిమ్ముతుంటుంది, పురుగులు టపటపా వచ్చి అద్దానికి అతుక్కుంటాయి. పొడి అద్దం మీద వైపర్ వేశారో, ఆ మడ్డంతా ఈ కొస నుంచి ఆ కొసకి పూసుకుపోతుంది. గంటకి 80 కిలోమీటర్ల మీద పోయే బండి సెకనులో 22 మీటర్లు దాటేస్తుంది. అన్ని మీటర్లూ కళ్లు మూసుకుని నడిపినట్టే.

సరే, నీళ్లు రావడం లేదు. బానెట్ ఎత్తకముందు ఒక పని చేయండి. ఇంజన్ ఆపి తాళం ఆన్‌లో ఉంచండి. ఏసీ, పాటలు కట్టేయండి. ఇప్పుడు వైపర్ కాడని మీ వైపు లాగి వినండి. ముందు నుంచి ‘గుయ్’మని సన్నటి మోత వస్తోందా? వస్తే మోటారు బతికే ఉంది, చిక్కంతా నీళ్ల దారిలో ఉంది. రాకపోతే ఇక కరెంటు సంగతి చూసుకోవాలి. ఈ ఒక్కటి తేలితే సగం పని అయిపోయినట్టే.

మోత వస్తోందనుకుందాం. మొదట బానెట్ ఎత్తి ట్యాంకు చూడండి. నవ్వకండి, అది ఖాళీగా ఉండి మెకానిక్ దాకా వెళ్లే బళ్లు తక్కువేం కాదు. మూత మీద అద్దం, దాని మీద నీళ్లు చిమ్ముతున్న బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ చూసే పోయండి, ఆ చుట్టుపక్కలే ఇంజన్ కూలెంట్ డబ్బా కూడా ఉంటుంది. ట్యాంకు ఖాళీ అయితే కాడని అదేపనిగా లాగి పట్టుకోకండి, నీళ్లు లేకుండా తిరిగితే ఆ చిన్న మోటారు కాలిపోతుంది.

ట్యాంకు నిండుగానే ఉందా? అయితే నీళ్లు చిమ్మే నాజిల్ కిందనుంచి సన్న రబ్బరు పైపు ఊడదీసి, ఇంకొకరిని కాడ లాగమనండి. పైపులోంచి నీళ్లు జివ్వున వస్తే నాజిల్ మూసుకుపోయిందన్నమాట. రాకపోతే పైపు వెంటే వెనక్కి వెళ్లండి. బానెట్ మడత దగ్గర అది నలిగిపోతుంటుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఉండే బండికి ఎలుక కొరుకుడు మామూలే. కాడ లాగినప్పుడు బండి కింద నీళ్ల మడుగు కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు.

నాజిల్ బెజ్జం దగ్గర తెల్లటి పెచ్చు చూశారా? అదే అసలు దొంగ. మీ గీజరు కాయిల్ మీద పేరుకునేదీ అదే, బోరు నీళ్లలోని సున్నం. ఎండకి బానెట్ కాలిపోతుంటే బెజ్జంలో మిగిలిన చుక్క ఆవిరైపోతుంది, సున్నం అక్కడే ఉండిపోతుంది. సన్న సూదితో మెల్లగా గెలకండి. తుంపరలా చల్లే రకమైతే సూది పెట్టొద్దు. నాజిల్ ఊడదీసి ఓ గంట వెనిగర్‌లో నానబెట్టి, పంచర్ షాపులో పైనుంచి కిందికి గాలి కొట్టించండి. పైపు తగిలించి ఉండగా గాలి కొడితే లోపలి అతుకులు ఊడతాయి.

మరి ఏ నీళ్లు పోయాలంటారా? ఆర్వో మెషిన్ వదిలేసే నీళ్లు బకెట్లో పట్టి వాడేవాళ్లుంటారు. ఉప్పులన్నీ చేరేది అందులోనే కాబట్టి ఇవి బోరు నీళ్లకన్నా అన్యాయం. తాగే నీళ్లు పోయండి, లేదా ఇంట్లో ఏసీ పైపు నుంచి కారే నీళ్లు పట్టుకుని గుడ్డతో వడకట్టండి. గాలిలోని తేమే అలా నీరవుతుంది, అందులో సున్నం ఉండదు. షాంపూ కలపొద్దు, ఎండితే బెజ్జం దగ్గర జిగురు కడుతుంది. వాషర్ ద్రావకం దొరుకుతుంది, డబ్బా మీద రాసినంత కలపండి. చికాగోలోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలకి ఇంకో మాట: చలికాలంలో మంచినీళ్లు కూడా పనికిరావు. ట్యాంకులో గడ్డకట్టి ఉబ్బి, మోటారునీ పగలగొడతాయి. గడ్డకట్టని ద్రావకమే పోసుకోమనండి.

మోత అసలే రాకపోతే ఫ్యూజు చూడండి, ఎక్కడుందో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఫ్యూజు బాగుంటే మోటారు దగ్గరి వైరు ప్లగ్గు వదులైందేమో, పచ్చటి చిలుము పట్టిందేమో చూడాలి. అక్కడికి కరెంటు వస్తున్నా కదలకపోతేనే మోటారు మార్చాలి.

బానెట్ కింద చెయ్యి పెట్టడం మన వల్ల కాదంటారా? పెట్టకండి. మెకానిక్ దగ్గరికే వెళ్లండి. కాకపోతే ‘వాషర్ పనిచేయట్లేదు’ అని ఊరుకోకుండా, ‘మోటారు మోత వినిపిస్తోంది, నీళ్లే రావట్లేదు’ అని చెప్పండి. ఆ మాట విన్నాక కొత్త మోటారు వేద్దామని ఎవరూ అనరు.