మక్కీకి మక్కీ... ఆపైన దీవెన!

ఎంట్రన్స్ పరీక్ష రాసొచ్చిన పిల్లలు ముందుగా వెతికేది 'కీ' కోసమే. అందులో ఏముంటే అదే ఒప్పు. మరి కీలోనే తప్పుంటే? అభ్యంతరం చెప్పడానికి పిల్లలున్నారు, లెక్చరర్లున్నారు. కంప్యూటర్ భాషలకూ ఇలాంటి కీలున్నాయి. అక్కడ అభ్యంతరం చెప్పేదెవరు?

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష సంగతే చూడండి. 2006లో గ్రేడన్ హోర్ సొంతంగా మొదలుపెట్టిన ఈ భాషకు తర్వాత మొజిల్లా అండ దొరికింది. 2015 మేలో 1.0 వెర్షన్ వచ్చింది. ప్రోగ్రామర్ రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. పొరపాటు దొర్లితే 'ఇదిగో, ఇక్కడ తప్పుంది' అని చెప్పేదీ అదే. ఆ చెప్పడం సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి వేల సంఖ్యలో చిన్న చిన్న ప్రోగ్రాములున్నాయి. చాలావాటిలో తప్పులు కావాలనే పెడతారు. కంపైలర్ ఏమనాలో పక్కనే మరో ఫైల్లో ఉంటుంది. రెండూ మక్కీకి మక్కీ సరిపోవాలి. ఫోల్డర్ల పేర్లు ఒక్కో కంప్యూటర్లో ఒక్కోలా ఉంటాయి కాబట్టి వాటి బదులు ఓ గుర్తు పెట్టేస్తారు. మిగతా చోట ఒక్క అక్షరం తేడా వచ్చినా ఫెయిలే!

చిక్కంతా ఇక్కడే. కంపైలర్ని మెరుగుపరిచేకొద్దీ అది చెప్పే మాటలూ మారతాయి. ఒక్క వాక్యం మారిస్తే ఎన్నో ఫైళ్లు దిద్దాలి. అన్నీ చేత్తో దిద్దాలంటే తలప్రాణం తోకకొస్తుంది. అందుకే ఓ ఆదేశం పెట్టారు. దాని పేరు 'బ్లెస్'. అంటే... దీవించు! అంతే, ఇప్పుడొచ్చిన జవాబే ఇకమీదట సరైన జవాబు. పరీక్షలన్నీ పాస్!

కొత్త జవాబే తప్పయితే? యంత్రం నోరెత్తదు. రెండు రాతలు ఒకటేనా కాదా అన్నదే దానికి తెలుసు, నిజమేదో తెలియదు. పైగా రేపెవరైనా ఆ తప్పును సరిదిద్దితే, పరీక్ష వాళ్లనే తప్పుబడుతుంది!

కాబట్టే మారిన ఫైళ్లు కూడా ప్రోగ్రాముతోపాటే మరొకరి కళ్ల ముందుకు వెళతాయి. తీసేసిన వరసేదో, చేర్చిన వరసేదో చూసి ఆయన సరేననాలి. పదో ఫైలు దాకా శ్రద్ధగా చూసిన కళ్లు యాభయ్యోదాని దగ్గర జారిపోవచ్చు. ఆ విసుగును గెలవడమే ఈ పనిలో అసలు కష్టం. 2021 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్ల సాఫ్ట్‌వేర్లో, 2022 డిసెంబరులో విడుదలైన లినక్స్ 6.1లో కూడా రస్ట్‌కు చోటు దొరికింది మరి.

అక్షింతలు వేసే ముందు పెద్దవాళ్లు కాళ్లకు మొక్కింది ఎవరో ఓసారి తేరిపార చూస్తారు. కంప్యూటర్ జవాబును దీవించే ముందూ ఆ ఒక్క చూపు ఉండాల్సిందే!