వారానికి ఒక్కసారే

పెడనలో పనిచేస్తున్న రోజుల్లో కలంకారీ అద్దకం చేసే ఒక పెద్దావిడ నోటినిండా పుండ్లతో నా వద్దకు వచ్చింది. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి వేసుకోవలసిన మెథోట్రెక్సేట్ మాత్రను పదిరోజులుగా రోజూ వేసుకుంటున్నది. చీటీలో వారం పేరు లేదు.

కణం రెండుగా విడిపోయే ముందు తన డీఎన్ఏకు నకలు తీసుకుంటుంది. ప్రయోగశాలలో పెంచిన కణితి కణాలలో సరిగ్గా ఆ వేళకే డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము చురుకుదనం పెరుగుతుంది. నకలుకు కావలసిన ముడిసరుకు తయారీకి అది అవసరం. దాన్ని అడ్డగించేదే మెథోట్రెక్సేట్. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం లెడర్లే సంస్థలో రూపొందించిన అమినాప్టెరిన్ దీనికి తోబుట్టువు. దానితో రక్తక్యాన్సర్ పిల్లలకు తాత్కాలిక ఉపశమనం కలిగిందని 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు.

అయితే నకలు తీసుకునేవి కణితి కణాలు మాత్రమే కావు. నోటిపొర, పేగు, ఎముకమజ్జ కణాలు నిత్యం విభజన చెందుతూనే ఉంటాయి. వారానికొకసారైతే వాటికి కోలుకునే వ్యవధి ఉంటుంది. రోజూ వేస్తే ఏనాటి కణాలు ఆనాడే దెబ్బతింటాయి.

బందరు ఆసుపత్రిలో ఫోలినిక్ ఆమ్లం ఇచ్చాక ఆమె కోలుకున్నది. నేను వివరించగా, “అచ్చు వేసిన గుడ్డను ఆరనియ్యాలి, అట్లాగేనా డాక్టరుగారూ?” అన్నది.

అట్లాగే. మీ ఇంట్లో ఈ మాత్ర ఉంటే, వేసుకోవలసిన వారం పేరు అట్టమీద రాసి ఉంచండి. నోటిపుండ్లు, జ్వరం కనిపిస్తే తరువాతి మాత్ర వేసుకోకుండా వెంటనే వైద్యుణ్ణి కలిసి రక్తపరీక్ష చేయించుకోండి.