నేను ఐదు రోజులు ఎందుకు ఆలస్యమయ్యాను?

వార్డెన్ సార్‌కు, నా హాస్టల్ మిత్రులకు.

2024 దసరా సెలవుల తర్వాత నేను ఐదు రోజులు ఆలస్యంగా వచ్చాను. "వానకి పడవ ఆగిపోయింది సార్" అంటే అందరూ నవ్వారు. ఇక్కడ చుట్టూ మిరప, ప్రత్తి చేలే గదా, పడవ అంటే ఎవరు నమ్ముతారు? అందుకే మా ఊరి సంగతి వ్రాస్తున్నాను.

మా ఊరు ఇరకం. తిరుపతి జిల్లా తడ మండలంలో, పులికాట్ సరస్సు మధ్యనున్న దీవి. మన దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. భీములవారిపాళెం రేవులో పడవ ఎక్కితేనే మా ఊరు. బియ్యమైనా, పెళ్ళికూతురైనా, జ్వరమొచ్చిన మనిషైనా ఆ పడవలోనే రావాలి, పోవాలి.

మా అవ్వ ఏడాది పొడుగునా అక్కడే ఉంటుంది. ఎండాకాలం నీళ్ళు తగ్గి పడవ బురదలో కూరుకుంటుంది, దిగి తొయ్యాలి. ఆశ్వయుజంలో వానలు మొదలై కాళంగి, ఆరణి ఏర్ల నీళ్ళు వచ్చి పడతాయి. అప్పుడే చేప, రొయ్య. చలికాలంలో తెల్లవారకముందే అవ్వ మోకాలి లోతు నీళ్ళలో కూర్చుని, బుట్ట తాడు నోట కరుచుకుని, చేతులతో తడిమి రొయ్యలు పట్టుద్ది. ఒడ్డుకొచ్చాక వేళ్ళు కొంకర్లు పోయి అగ్గిపుల్ల గీయలేదు. నేను గీసి మంట వేస్తాను. ఆ చలిలోనే రాజహంసలు వేలకొద్దీ వస్తాయి. వాటికోసం 2001 నుంచి సూళ్ళూరుపేటలో పండుగ జరుపుతున్నారు. అవ్వ ఒక్కసారీ పోలేదు. "అవి నా పక్కనే మేస్తాయి గదరా" అంటుంది.

ఇక అసలు సంగతి. సెలవులైపోయి బయలుదేరే రోజు తెల్లవారుజామున అవ్వ బయటికి పోయి నిలబడి, "ఈ గాలి మంచిది కాదు, పడవ రాదు" అంది. రాలేదు. నాలుగు రోజులు వాన. ఇంట్లోకి నీళ్ళొచ్చి, బియ్యం కుండ మంచం మీద, మేము దాని చుట్టూ. 17వ తేదీన వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటిందని రేడియోలో చెప్పారు.

ఆ రాత్రి నాయన అన్నాడు. "రాయదొరువు, కొండూరుపాళెం దగ్గర సముద్రపు మొగలు ఇసుకతో పూడి చేప తగ్గింది. సంక్రాంతి తర్వాత మేము మిరపకోతకు గుంటూరు వైపు పోవాల్సిందే. ఈ రెండు నెలలు పట్టిందే పట్టు. ఎట్లాగూ ఆలస్యమైంది, వాణ్ణి ఇక్కడే ఉండనీ. ఒక చెయ్యి సాయం."

నిజం చెప్తున్నాను, నాకూ ఉండిపోవాలనే అనిపించింది.

అవ్వ నా వైపు చూడలేదు. నాయనతోనే అంది: "నాకు గాలి చదవడం వచ్చు. వాడికి ఇంకోటి చదవడం రావాలి. వాడి చెయ్యి పని నేను చేస్తా."

మర్నాడు పడవ వచ్చింది. అవ్వ కొంగుముడి విప్పి బస్సు చార్జీలిచ్చింది. పడవ దూరం పోయేసరికి ఆమె రేవులో లేదు. అప్పటికే బుట్ట తీసుకొని నీళ్ళలోకి దిగింది.

సార్, ఆలస్యానికి క్షమించండి. ఈసారి సెలవులకు మళ్ళీ ఇరకం పోతాను. గాలి మారితే మళ్ళీ ఆలస్యం కావచ్చు. కాని తప్పకుండా వస్తాను.

— 8వ తరగతి విద్యార్థి